తిరిగొచ్చిన రాళ్లు

రొట్టె బోర్లా ఉంది.

మా వైపు రొట్టెను బోర్లా పెట్టేది తలలు నరికే తలారికి ఒక్కడికే. వెనకటి రోజుల్లో రొట్టెల కొట్టువాళ్లు తలారి వాటా వేరుగా తెలియడానికి అలా తిరగేసి ఉంచేవారట. తలార్లు పోయారు. భయం మాత్రం మిగిలింది. ఏ ఇంట్లోనైనా రొట్టె పొరపాటున తిరగబడితే ఐదేళ్ల పిల్ల కూడా గబుక్కున సరిచేస్తుంది.

ఇది పొరపాటు కాదు. మా అత్తగారు సొలాంజ్ ఆ గుండ్రటి రొట్టెను రెండు చేతులా ఎత్తి, తిరగేసి, సరిగ్గా కొడుకు పళ్లెం ముందు పెట్టారు. తర్వాత నింపాదిగా కూర్చుని చేతిగుడ్డ ఒళ్లో పరుచుకున్నారు.

"అమ్మా," అన్నాడు ఫ్లోరాన్.

ఆవిడ నా వైపు తిరిగారు. "రొట్టె కొయ్యి, క్లెమాన్స్. పాపం, రేపు పొద్దున్నే పనిలోకి దిగాల్సిన మనిషి. కడుపు నిండా తిననీ."

కోడి వేపుడు చల్లారిపోతోంది. జున్ను కలిపి సాగదీసిన బంగాళాదుంప ముద్ద గిన్నెలో గట్టిపడుతోంది. ఆదివారం మధ్యాహ్నం సెన్యాక్ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ గ్లాసుల చప్పుడు వినిపించే వేళ అది. మా ఇంట్లో గోడ గడియారం ఒక్కటే మాట్లాడుతోంది.

ఇల్లంటే బడే. కింద రెండు తరగతి గదులు, మధ్యలో ఊరి మేయరు కార్యాలయం, పైన టీచరుకి ఇచ్చిన నాలుగు గదుల నివాసం. బడి మూతపడి మూడేళ్లయింది. అత్తగారు మాత్రం ఆ నాలుగు గదుల్లోనే ఉన్నారు. మా సొంత ఇంటి పైకప్పు పూర్తయ్యేదాకా మేమిద్దరమూ అక్కడే.

పెళ్లయి పదకొండు వారాలు. ఈ పదకొండు వారాల్లో నాకన్నీ ముద్దొచ్చాయి. కింది వరండాలో కోట్లు తగిలించుకునే కొక్కేలు ఆరేళ్ల పిల్లల ఎత్తులో ఉంటాయి. ఫ్లోరాన్ కోటు తగిలిస్తే సగం నేల మీదే ఉంటుంది. అది చూసి నేను రోజూ నవ్వుతాను. అతను తాపీపని నుంచి వచ్చేసరికి జుట్టు నిండా సున్నం. నా మొగుడు ముసలివాడైతే ఎలా ఉంటాడో సాయంత్రం ఆరింటికి చూసి, ఏడింటికి స్నానం చేయించి మళ్లీ కుర్రవాణ్ణి చేసుకుంటాను. ఇంత సంతోషం ఒక్క మనిషికి ఇస్తారా అని ఆశ్చర్యం వేసేది.

మొన్న శుక్రవారం దాకా.

శుక్రవారం సాయంత్రం కింద నోటీసు బోర్డు మీద ఓ కాగితం అంటించారు. పాత బడి కట్టడాన్ని దాని తొలి రూపంలో పునరుద్ధరించాలని ఊరి సభ తీర్మానించింది. ఆటస్థలం మధ్యలో ఉండిన గోడను పాత ప్లాను ప్రకారం తిరిగి కట్టాలి. తాపీ మేస్త్రీ పేరు: ఫ్లోరాన్ వేసియేర్. సోమవారం పని మొదలు.

అత్తగారు ఆ కాగితం చదివింది పాల క్యాను చేత్తో పట్టుకుని. పైకి వచ్చారు. క్యాను కింద పెట్టారు. అప్పటినుంచీ కొడుకుతో ఒక్క మాట లేదు.

ఇప్పుడు మాట్లాడారు.

"ఆ గోడ ఏమిటో తెలిసే ఒప్పుకున్నావా?"

"తెలుసమ్మా. పుట్టినప్పటినుంచీ వింటున్నాను."

"వింటున్నావు! కథలా వింటున్నావు. నిద్రపుచ్చడానికి చెప్పాననుకున్నావా? నాకప్పుడు ఇరవై రెండేళ్లు. అమ్మాయిల బడికి టీచరునై వచ్చాను. ఒకే బడి, ఒకే కప్పు, మధ్యలో మనిషి ఎత్తుకి మించిన గోడ. ఎండంతా అబ్బాయిల వైపు. పంపు అబ్బాయిల వైపు. మా వైపు ఏముందిరా?"

"నీడ," అన్నాడు ఫ్లోరాన్ మెల్లగా.

"నీడ కాదు, నాచు! నీళ్లు కావాలంటే నా పిల్లలు వీధి చుట్టూ తిరిగి చాకిరేవుకి పోవాలి. చలికాలం రేవు గడ్డకడితే అదీ లేదు. పంపు వాడుకోనివ్వండని అవతలి హెడ్‌మాస్టరుకి ఏడు ఉత్తరాలు రాశాను. గోడకి ఇవతల కూర్చుని అవతలి మనిషికి ఉత్తరాలు! ఏడోదానికి జవాబిచ్చాడు మహానుభావుడు. 'ఆడపిల్లలకు అంత దాహం ఎందుకు?' అని."

ఈ మాట నాకిదివరకు ఎవరూ చెప్పలేదు. నా చేతిలో కత్తి ఆగిపోయింది.

"బడికి సెలవని ఒక గురువారం తల్లులు పధ్నాలుగు మంది వచ్చారు. గునపాలతో వచ్చారు. సాయంత్రానికి గోడ లేదు. పై అధికారులు నా రికార్డులో మచ్చ రాశారు, రాసుకోనీ. మర్నాడు ఆడపిల్లలు పంపు దగ్గర వరసలో నిలబడి తాగారు. దాహం వేసి కాదు. తాగొచ్చు కాబట్టి తాగారు." ఆవిడ గొంతు వణికింది. వణికినందుకు ఆవిడకే కోపం వచ్చింది. "కన్నతల్లి కూల్చిన గోడ కన్నకొడుకు కడతాడట. పైగా దానికి పేరు, పరిరక్షణ!"

ఫ్లోరాన్ ఫోర్కు కింద పెట్టాడు.

"బడి పైకప్పు కారుతోందమ్మా. ఉత్తరం వైపు దూలంలో నా వేలు దిగిపోతోంది. ఇంకో రెండు శీతాకాలాలు ఆగదు. పాత కట్టడాలకి డబ్బిచ్చే కమిటీవాళ్లు ఇస్తే అన్నిటికీ కలిపే ఇస్తారు, లేదంటే దేనికీ ఇవ్వరు. కప్పు కావాలంటే గోడ కట్టాలి. నేను కాదంటే పట్నం నుంచి ఎవడో సిమెంటు లారీ వేసుకొస్తాడు. సున్నంతో కట్టిన ఈ బడి ఒంటి మీద సిమెంటు పడనిస్తావా?"

"ఓహో. తల ఎలాగూ తెగుతుంది, తలారి మనవాడైతే నొప్పి తక్కువంటావు."

"అమ్మా!"

"అరవకు. బోర్లా రొట్టె ఊరికే పెట్టలేదు."

మళ్లీ గడియారం. నేను కోసిన ముక్కలు ఎవరూ ముట్టుకోలేదు.

"ఒక్కటి చెప్పు," అన్నారు అత్తగారు. "ఆ ప్లాను గురించి ఊళ్లో ఎవడికీ తెలీదు. నలభై ఏళ్లు పాఠాలు చెప్పాను, నాకే తెలీదు. ఎక్కడో పాతాళంలో ఉన్నదాన్ని బయటికి తీసింది ఎవరు?"

బల్ల కింద ఫ్లోరాన్ కాలు నా కాలిని నొక్కింది.

"నేనే," అన్నాడు.

"నువ్వా?"

"పట్నంలో పాత కాగితాల కార్యాలయానికి వెళ్లాను. వెతికాను."

"నువ్వు! సున్నం బస్తా మీద అచ్చేసిన అక్షరాలు తప్ప ఇంకేం చదవని నువ్వు!"

నేను పళ్లెంలోకి చూస్తూ ఉండిపోయాను. ఎందుకంటే ఆ ప్లాను తెచ్చింది నేను.

మోంపెలియే విశ్వవిద్యాలయంలో ఐదేళ్లు చరిత్ర చదువుకున్నాను. పెళ్లికి ముందు వసంతంలో, కాబోయే అత్తవారింటి కథ తెలుసుకుందామన్న సరదాతో ఆ కార్యాలయంలో మూడు రోజులు దుమ్ము పీల్చాను. మూడోరోజు దొరికింది. 1886 నాటి ప్లాను, సన్నటి నల్ల గీతలు, రాతి గోడలకి పలుచగా గులాబీ రంగు. కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. కాపీ తీయించి, చుట్టి, రిబ్బను కట్టి, మేయరు గారికి బహుమతిగా ఇచ్చాను. ఆటస్థలాన్ని రెండుగా కోస్తున్న గులాబీ గీత నాకూ కనిపించింది. ఎంత ముచ్చటగా గీశారో అనుకున్నాను.

దాహం ఏ ప్లానులోనూ గియ్యరు. ఆ సంగతి ఐదేళ్ల చదువులో ఎవరూ నాకు చెప్పలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు.

చెప్పేద్దామని నోరు తెరిచాను. అప్పుడే కింద ఆటస్థలంలో చక్రం కిర్రుమంది. ఆ వెంటనే మరొకటి. రాయి మీద రాయి పడిన చప్పుడు.

అత్తగారు కిటికీ దగ్గరికి వెళ్లారు. వెళ్లి కదలకుండా నిలబడ్డారు.

"వీళ్లందరికీ పిచ్చెక్కిందా?" అన్నారు.

*

ఊరు ఊరంతా రాళ్లు తెస్తోంది.

ఆ గురువారం గోడ కూలాక రాళ్లు వృథా పోలేదు. మా ఊళ్లో రాయి వృథా పోదు. ఒకరు కోళ్లగూడు కట్టుకున్నారు, ఒకరు బావి గట్టు, ఒకరు సమాధి చుట్టూ అంచు. ఇప్పుడు మేయరు బస్తీద్ ఇంటింటికీ చీటీ పంచాడు. 'మీ దగ్గరున్న పాత బడి రాళ్లు తిరిగివ్వండి, మీ బడిని బతికించుకోండి.' అంతే రాశాడు. బడి అంటే ప్రాణం పెట్టే జనం. బోర్డు మీది కాగితం చదివే అలవాటూ, ఎందుకని అడిగే అలవాటూ లేదు. ఆదివారం బట్టల్లోనే తోపుడు బళ్లు లాక్కొచ్చారు.

అత్తగారు కిందికి దిగారు. చంకలో ఫ్లోరాన్‌కి ఇచ్చిన పునరుద్ధరణ ప్రాజెక్టు దస్త్రం. వెనక ఫ్లోరాన్, అతని వెనక నేను.

గేటు దగ్గర ముసలి జెర్మేన్ బండి తోస్తూ ఎదురైంది. ఎనభై నాలుగేళ్లు. కుడిచేతి చూపుడు వేలు వంకర. ఆ గురువారం రాయి కింద నలిగిన వేలు.

"సొలాంజ్! చూడు, నా గుమ్మం మెట్టు పీకించేశాను! నలభై మూడేళ్లు తొక్కాను దీన్ని. బడికన్నారు, ఇచ్చేస్తున్నా. ఇంక ఇంట్లోకి పోవాలంటే మేకలా గెంతాల్సిందే!" అని పకపకా నవ్వింది.

అత్తగారు నవ్వలేదు. "బడిలో దేనికో చెప్పాడా, జెర్మేన్?"

"బడికే. బాగుచేతకి."

"బాగుచేతలో దేనికి?"

జెర్మేన్ మేయరు వైపు చూసింది. బస్తీద్ రాళ్ల కుప్ప పక్కన నిలబడి ఎవరివి ఎన్నో ఒక పుస్తకంలో రాసుకుంటున్నాడు. యాభై దాటిన మనిషి. అత్తగారు వచ్చిన ఏడాది అతను అవతలి వైపు బళ్లో తొమ్మిదేళ్ల కుర్రాడు. రెండు బళ్లూ కలిశాక ఆవిడ దగ్గరే చదువుకున్నాడు.

"నమస్కారం టీచరమ్మా," అన్నాడు. "భలే రోజు కదా! ఊరంతా ఒక్కతాటి మీద..."

"జెర్మేన్ అడుగుతోంది, చెప్పు. దేనికి?"

"అదే... తొలి రూపానికి. పాత ఆవరణకి..."

"గోడకి," అన్నారు అత్తగారు.

"ఏ గోడ?" అంది జెర్మేన్.

"ఆ గోడే."

బండి పిడుల మీద ముసలి చేతులు బిగుసుకున్నాయి. ఎవరో ఎత్తబోయిన రాయి మళ్లీ బండిలోనే పెట్టేశారు.

"ఒరే బస్తీద్," అంది జెర్మేన్. "చిన్నప్పుడు నీకు దాహమేస్తే ఏం చేసేవాడివిరా?"

"ఇప్పుడదంతా ఎందుకు, జెర్మేన్..."

"పంపు కొట్టుకునేవాడివి. నీ చెల్లెలో?"

అతను పుస్తకంలో ఏదో కొట్టేశాడు.

"నేను చెప్తా. గోడ మీద పేరుకున్న మంచు గీకి తినేది. నల్ల మంచు, పొగమసి పట్టిన మంచు. పై పెదవి పగిలి నెత్తురోడేది ఆ పిల్లకి. నా కూతురికీ అంతే. నా చేత్తో కూల్చిన గోడకి నా చేత్తోనే రాళ్లు మోయిస్తావా? సిగ్గులేదట్రా నీకు?"

"ఇది చరిత్ర, జెర్మేన్! చరిత్రని ఉన్నదున్నట్టు చూపించాలి. కమిటీ నుంచి వచ్చిన నిపుణుడు అదే అన్నాడు."

అత్తగారు దస్త్రం తెరిచారు. పేజీ పేజీకీ ఎర్ర పెన్సిలు గీతలు. "రాత్రి దిద్దాను," అన్నారు. "మూడో పేజీ. 'ఈ ప్రాంగణంలో బాలబాలికలు ఆనందంగా ఆడుకునేవారు.' నువ్వు రాసిందేనా?"

"నిపుణుడు రాశాడు, నేను సంతకం..."

"కాపీ కొట్టడం అప్పుడూ ఉండేది నీకు. ఐదో పేజీ. '1886 నుండి నేటి వరకు.' నేటి వరకు అన్నావు గదా, 1886 తర్వాత తిన్నగా నేటికొచ్చేశావేం? మధ్యలో జనం లేరా? ఆ గోడ పడ్డ రోజు చరిత్ర కాదా? కట్టినవాడిదే చరిత్ర, కూల్చిన ఆడవాళ్లది అల్లరా?" దస్త్రం మూసి అతని చేతిలో పెట్టారు. "ఇరవైకి నాలుగు. ఆ నాలుగూ దస్తూరీకి."

ఎవరో కిసుక్కుమన్నారు. బస్తీద్ చెవులు ఎర్రబడ్డాయి. పుస్తకం మూశాడు. ఇప్పుడతని గొంతులో కుర్రాడు లేడు.

"సరే టీచరమ్మా. ఉన్నమాట చెప్తాను, అందరూ వినండి. ఈ గురువారం కమిటీ వస్తోంది. పాత ప్లాను ప్రకారం గోడ లేచి కనిపిస్తేనే సంతకం పెడతారు. లేకపోతే లేదు. లేకపోతే ఈ కట్టడం కొనుక్కుంటానని ఒకాయన ఏడాదిగా తిరుగుతున్నాడు. సెలవులకి వచ్చేవాళ్లకి అద్దె గదులు కడతాడట. సభలో సగంమంది అతని వైపే ఉన్నారు. ఇన్నాళ్లూ ఆపింది నేను. గోడ వద్దంటే బడే ఉండదు. చెప్పండి, ఏది కావాలి?"



నాకు ఒళ్లు మండిపోయింది. ఏం న్యాయం ఇది? మూడేళ్లుగా ఈవిడ వానలో గొడుగు పట్టుకుని సంతలో నిలబడి, బడిని కాపాడండని సంతకాలు అడిగింది. తీరా కాపాడే రోజు వచ్చేసరికి, నీ బతుకులో చేసిన ఒకే ఒక్క గొప్ప పని చెరిపేస్తాం, ఒప్పుకుంటేనే కాపాడతాం అంటున్నారు. పైగా ఎంచుకొమ్మంటున్నారు, పెద్ద దయ చూపినట్టు!

అత్తగారు జెర్మేన్ బండి అంచు మీద, ఆ మెట్టు రాయి పక్కన కూర్చున్నారు. నేనావిడ కూర్చోవడం బయట ఎక్కడా చూడలేదు. బల్ల దగ్గర తప్ప ఆవిడ ఎప్పుడూ నిలబడే ఉంటారు.

"అయినా అందరూ నన్నంటారేం?" అన్నాడు బస్తీద్. "నాకా ప్లాను ఉందని కూడా తెలీదు. అది రిబ్బను కట్టి నా చేతిలో పెట్టింది..."

"నేను," అన్నాడు ఫ్లోరాన్.

బస్తీద్ అతన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నోరు మూసుకున్నాడు.

ఫ్లోరాన్ ముఖం నా వైపు తిరగలేదు. మెడ మీద నరం ఒకటి కొట్టుకుంటోంది. ఆ మెడంటే నాకెంత ఇష్టమో. నా మీద పడే దెబ్బ అది కాస్తుంటే చూస్తూ నిలబడలేకపోయాను.

"ఇతను కాదు," అన్నాను. "నేను తెచ్చాను, అత్తయ్యా."

"క్లెమాన్స్, ఊరుకో," అన్నాడు ఫ్లోరాన్.

"నేనే వెతికాను. నేనే కాపీ తీయించాను. రిబ్బను కూడా నాదే."

అత్తగారు తలెత్తారు. కేక వేస్తారనుకున్నాను. వేసుంటే బాగుండేది.

"గోడ కనిపించలేదా అందులో?"

"కనిపించింది."

"మరి?"

"గులాబీ రంగులో ఉంది. బాగుందనుకున్నాను."

ఆవిడ పక్కనున్న మెట్టు రాయి మీద చెయ్యి ఆనించారు.

"ఇంతమందిలో నిజం చెప్పింది నువ్వొక్కదానివే," అన్నారు చివరికి. తర్వాత లేచి గౌను దులుపుకున్నారు. పెళ్లికి ముందు కూడా నన్ను 'నువ్వు' అని పిలిచిన మనిషి ఆవిడ. "కానీ నిజం చెప్పినంత మాత్రాన రాళ్లు వెనక్కి పోవు కదండీ. మీరు చదువుకున్నవారు. ఏం చెయ్యాలో మీకే తెలియాలి."

అండీ అన్నారు. మీరు అన్నారు. ఒక్కో మెట్టూ ఎక్కి పైకి వెళ్లిపోయారు.

జెర్మేన్ బండిని అక్కడే, గేటుకి అడ్డంగా వదిలేసి నడిచి వెళ్లిపోయింది. మెట్టు లేని ఇంటికి.

*

సోమవారం ఎనిమిదింటికి మంచు కరగలేదు. ఫ్లోరాన్ ఆటస్థలం దక్షిణం కొసన ఒక ఇనుప మేకు దిగ్గొట్టాడు. ఉత్తరం కొసన, ఒకప్పటి అమ్మాయిల గుమ్మం పక్కన, ఇంకొకటి. కుప్పలో ఉన్న రాళ్లు తడిసి నల్లగా మెరుస్తున్నాయి. నిన్న ఎవరూ వెనక్కి తీసుకెళ్లలేదు. కొత్తగా ఎవరూ తేలేదు.

రాత్రంతా మేమిద్దరం ఒకే దుప్పటి కింద రెండు ఊళ్లలో ఉన్నట్టు పడుకున్నాం. పొద్దున్న కాఫీ అతనే కలిపిచ్చాడు. నాకిష్టమని పంచదార రెండు చెంచాలు వేశాడు. ఆ రెండు చెంచాలకే నాకు ఏడుపొచ్చింది.

"నా మీద కోపమా?" అని అడిగాను.

"నీ మీద కాదు."

"మరి ఎవరి మీద?"

"దూలం మీద," అన్నాడు. "పుచ్చకుండా ఉంటే ఇదంతా లేదు."

"ఫ్లోరాన్, కమిటీవాళ్లకి నేను చెప్తాను. ఆ రిపోర్టు సగమే అని చెప్తాను. ఆ ఏడు ఉత్తరాలు ఎక్కడో ఉంటాయి, వెతుకుతాను. జెర్మేన్ వేలు చూపిస్తాను. వాళ్లూ మనుషులే కదా?"

"గురువారంలోగానా? వాళ్లు వినకపోతే? కప్పు కూలిపోయాక అమ్మకి ఏం చూపిస్తావు, రిబ్బనా?"

ఆ మాట అన్నందుకు అతనే ముఖం తిప్పుకున్నాడు. తడి నేల మీద మోకాలు వేసి, దారపు ఉండ విప్పి, ఒక కొసను దక్షిణం మేకుకి కట్టబోయి ఆగాడు. కొలత తీయడానికి రెండోవైపు ఒక మనిషి కావాలి. కూలీకి చెప్పిన మనిషి రాలేదు. ఊళ్లో ఎవరూ రారని మాకిద్దరికీ తెలుసు.

"క్లెమాన్స్," అన్నాడు తల దించుకునే. "ఈ కొస పట్టుకుని ఆ మేకు దాకా నడువు. అంతే. ఇంకేం అడగను."

పైన కిటికీ రెక్క తెరుచుకుంది. నేను తలెత్తి చూడలేదు.

దారం కొస తీసుకున్నాను. మేకు దాకా ముప్ఫై అడుగులుంటాయి. పది నడిచాను. వెనకాల ఫ్లోరాన్ చేతిలో ఉండ విప్పుకుంటోంది. పదకొండో అడుగు దగ్గర నా కాళ్లు పక్కకి తిరిగాయి. మేకుని వదిలేసి గేటు వైపు నడిచాను.

"మేకు అటుంది," అన్నాడు ఫ్లోరాన్.

"తెలుసు."

"మరెక్కడికి?"

"పట్నానికి. తొమ్మిదింటి బస్సుంది. ఆ ఉత్తరాలు వెతకాలి."

"దారం వదిలేసి వెళ్లు."

"నువ్వు వదులు."

ఉండ అయిపోయింది. మా ఇద్దరి మధ్యా దారం నేల మీంచి లేచి బిగుసుకుంది. ఫ్లోరాన్ తన కొస వదల్లేదు. నేనూ వదల్లేదు.